నీళ్ళు నింపిన ట్యాంకు

మా నరసాపురం రేవులో డీజిలంటే ఎవరికీ భయం ఉండేది కాదు. పెట్రోలంటే భయం, గ్యాసు బండంటే భయం, కరెంటు తీగ సంగతి సరేసరి. డీజిలు మాత్రం ఇంట్లో మనిషి కిందే జమ. చేతులకు గ్రీజు అంటుకుంటే దాంతోనే కడుక్కునేవాళ్ళం, ఆ చేతులు సరిగ్గా ఆరకముందే బీడీ ముట్టించేవాళ్ళం. మా వెల్డరయితే కొత్తగా పనిలో చేరినవాళ్ళను చుట్టూ నిలబెట్టి, డబ్బాలో కాస్త డీజిలు పోసి, మండుతున్న అగ్గిపుల్ల అందులో పడేసేవాడు. పుల్ల చుయ్‌మని ఆరిపోయేది. "చూశారా, మన గోదారి నీళ్ళెంతో ఇదీ అంతే" అని నవ్వేవాడు. చూసినవాళ్ళు నమ్మేవాళ్ళు. కళ్ళ ముందే ఆరిపోయిందాన్ని ఎవరు నమ్మరు?

ఐ.టి.ఐ. పాసై ఇప్పుడిప్పుడే పడవల పనిలోకి వస్తున్న మీ కోసం ఇది రాస్తున్నాను. రిటైరైనవాడు సలహాలు చెబుతుంటే ఎంత విసుగ్గా ఉంటుందో నాకు తెలుసు, నేనూ ఒకప్పుడు మీలాగే ఆవులించినవాణ్ణే. కాబట్టి సలహాల జోలికి పోను. ఒక పాత లాంచీ లోంచి డీజిలు నూనె ట్యాంకు తీసిన సంగతి చెప్పి ఊరుకుంటాను. అందులోంచి మీకు కావలసిందేదో మీరే ఏరుకోండి.

వశిష్ఠ గోదావరి ఒడ్డున, ఊరు దాటాక, పడవలు బాగుచేసే యార్డు ఒకటుంది. అందులో ఇంజను మెకానిక్కుగా చేరి, చివరికి మేస్త్రిగా రిటైరయ్యాను. ఈ లాంచీ పని నా ఉద్యోగం ముగిసే రోజుల్లో వచ్చింది. ఇనుప లాంచీ. లంక గ్రామాల నుంచి కొబ్బరికాయలూ అరటిగెలలూ తెచ్చేది, పెళ్ళివాళ్ళను దింపేది, వరదల్లో గేదెలను కూడా ఎక్కించుకునేది. వంతెనలు పడ్డాక దాని అవసరం తీరిపోయింది. యజమాని పోయాక ఆయన భార్యే దాన్ని నడిపించింది. గట్టి మనిషి. ఎంత పెద్ద గాలి వచ్చినా వెనక తట్టున కుర్చీ వేసుకు కూర్చుని, లాంచీ నడిపే సరంగుకు కంటితోనే ఆజ్ఞలిచ్చేది. లాంచీలోకి చెప్పులతో ఎప్పుడూ అడుగు పెట్టలేదు.

దిండి వైపు టూరిస్టు పడవలు తిప్పే ఆసామి ఒకాయన దాన్ని కొంటానన్నాడు. ఆయన మనసు పడింది ఇంజను మీద కాదు, క్యాబిన్ నేల మీద. పాత టేకు చెక్కలు, ఎందరి పాదాలో తగిలి నున్నగా మెరుస్తున్నాయి. కొత్త ఇంజనూ కొత్త ట్యాంకూ తనే పెట్టుకుంటానన్నాడు. పాత ఇంజను మేం అప్పటికే తీసేశాం. మిగిలింది ట్యాంకు. అది సరిగ్గా ఆ టేకు నేల కిందే ఉంది. ముందు ట్యాంకు కూర్చోబెట్టి, తర్వాత దాని మీద నేల పరిచారు. కిందికి దిగే దారి చిన్నది, ట్యాంకేమో పెద్దది.

ఆ ట్యాంకు కట్టింది మా వెల్డరే, వయసులో ఉన్నప్పుడు. లోపల నూనె అటూ ఇటూ ఊగకుండా రెండు అడ్డు రేకులు పెట్టి మూడు గదులు చేశాడు. ప్రతి అడ్డు రేకుకూ కింద నూనె పారడానికి ఒక కన్నం, పైన గాలి ఆడడానికి ఒక కన్నం. మూతి మాత్రం మధ్య గదికే ఉంది. "నా పెళ్ళికి ముందు కట్టాను బావా దీన్ని, ఇన్నేళ్ళలో ఒక్క చుక్క కారలేదు" అనేవాడు. చుట్టరికం ఏమీ లేకపోయినా మేమిద్దరం బావా అంటే బావా అనుకునేవాళ్ళం. గోదావరి జిల్లాల్లో స్నేహం ముదిరితే వరస కలిసిపోతుంది.

దారులు రెండే. నేల ఊడదీసి ట్యాంకును మొత్తంగా ఎత్తడం ఒకటి. ట్యాంకును ఉన్నచోటే గ్యాసుతో ముక్కలుగా కోసి, దిగే దారిలోంచి పైకి అందించడం రెండోది. నేల ముట్టుకుంటే బేరం చెడుతుందని యజమానురాలి భయం. కోసెయ్యడం సులువని మా వెల్డరు ధీమా. సరే, కోద్దామనుకున్నాం. కోసే ముందు ట్యాంకు నిండా నీళ్ళు పట్టాలన్నాను నేను. ఖాళీ ట్యాంకు అంటారు గానీ ఖాళీ అనేది ఎక్కడా ఉండదు. నూనె తీసేసినా గోడలకు మడ్డి పట్టి ఉంటుంది. కాలుతున్న రేకు తగిలితే ఆ మడ్డి ఆవిరై గాలిలో కలుస్తుంది. అగ్గిపుల్లను ఆర్పేసే డీజిలే, ఆవిరయ్యాక, మూసిన డబ్బాలో నిప్పు తగిలితే మనిషిని మిగల్చదు. నీళ్ళతో నింపితే ఆవిరికి చోటుండదు. ఇది వెల్డరుకీ తెలుసు. తెలిసినా నా చాదస్తం కింద కట్టి నవ్వాడు.

లాంచీ మా రేవులో తేలుతుండగా బ్యాటరీ తీసేశాం, చేతి పంపుతో నూనె తోడి డ్రమ్ముల్లోకి పోశాం. మూతిలోంచి చెయ్యి పెట్టి అందినంత మేర మడ్డి గోకాం. మర్నాడు పొద్దున్న పోటు మీద, అంటే సముద్రం ఎగదన్ని ఏరు నిండుగా ఉన్నప్పుడు, లాంచీ సమంగా నిలిచింది. ట్యాంకులోకి నీళ్ళు పట్టాం, మూతి దాకా వచ్చి పొంగాయి. వెల్డరు సిలిండర్లు దింపుకుని, కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని సిద్ధంగా కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది యజమానురాలు, పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పెట్టుకుని.

"మేస్త్రి గారండీ, ఇప్పుడు వర్జ్యం ఉందండి. అది వెళ్ళాక ముట్టించండి నిప్పు."

"నీళ్ళు పట్టేశామమ్మా, పని సగంలో ఉంది" అన్నాను.

"ఇన్నాళ్ళూ మమ్మల్ని మోసిందండి. పోయేటప్పుడు మంచి ఘడియ కూడా చూడకపోతే ఎలాగండి?"

సరే, వర్జ్యం వెళ్ళేదాకా ఆగుతామన్నాను. హారతి మాత్రం ఒడ్డునే ఇచ్చుకోమన్నాను. "ఆ మాత్రం నాకు తెలీదాండీ" అని లాంచీకి దూరంగా, ఇసుకలో కర్పూరం వెలిగించుకుంది. మేం షెడ్డులో కూర్చుని టీ తాగాం. వెల్డరు పాత కబుర్లు చెప్పాడు, మా యార్డు వడ్రంగి పడీపడీ నవ్వాడు. వర్జ్యం దారిన వర్జ్యం వెళ్ళిపోతోంది. దాంతో పాటు నీళ్ళూ వెళ్ళిపోతున్నాయి. పాటు తీసి ఏరు వెనక్కి తగ్గింది. మా రేవులో పుట్టి పెరిగినవాళ్ళం, ఏ వేళకు పోటో ఏ వేళకు పాటో నిద్రలో లేపి అడిగినా చెబుతాం. ఆ పూట మాత్రం ఒక్కడికీ తట్టలేదు. ఊపిరి పీల్చడం గురించి ఎవరూ ఆలోచించరు కదా, అలాగే.

ఘడియ మంచిదయ్యాక లాంచీ ఎక్కాం. కాలు పెట్టగానే నాకు నేల తేడాగా తగిలింది. అడుగు బురదలో కూర్చుని లాంచీ ఏటి వైపు ఒరిగింది. ట్యాంకు మూతి లోంచి నీళ్ళు ఒలికి కింద మడుగు కట్టాయి. చెక్క సుత్తి తీసుకుని ట్యాంకును తట్టుకుంటూ వెళ్ళాను. ఏటి వైపు బరువుగా పలికింది. ఒడ్డు వైపు మూల బోలుగా మోగింది. వెల్డరు మొదటి కోత పెట్టబోయేది ఆ మూలే, దిగే దారికి దగ్గరని.

"బావా, ఆగు" అన్నాను.

"ఏంటి?"

"లాంచీ ఒరిగింది. ఈ మూల నీళ్ళు లేవు. సాయంత్రం పోటొచ్చాక మళ్ళీ నింపి కోద్దాం."

"పొద్దుటి నుంచి కూర్చోబెట్టి ఇప్పుడు సాయంత్రమంటావేంటి? పైన గాలికి కన్నం పెట్టాను, ఆవిరుంటే ఈపాటికి పోయే ఉంటుంది. నేను కట్టిన ట్యాంకు బావా ఇది, నాకు తెలీదా?"

"నువ్వు కట్టావనే చెబుతున్నాను. పోటు దాకా ఆగితే పోయేదేముంది?"

"డీజిలేగా, పెట్రోలు కాదుగా" అన్నాడు అందరికీ వినబడేలా. ఒడ్డున ఉన్నవాళ్ళు నవ్వారు. అగ్గిపుల్ల ఆట చూసినవాళ్ళే అందరూ. అతను కళ్ళద్దాలు దించుకుని లైటరు చేతిలోకి తీసుకున్నాడు. నేను వంగి సిలిండరు వాల్వు కట్టేశాను.

మీకిది చిన్న విషయంగా కనబడవచ్చు. మా యార్డులో వెల్డరు సిలిండరు మీద ఇంకొకడు చెయ్యి వెయ్యడమంటే వంట చేస్తున్న మనిషి పొయ్యి మీద గిన్నె దింపెయ్యడం లాంటిది. అందరి ముందూ, అతని పనితనం మీద నాకు నమ్మకం లేదని చాటినట్టు. అతను కళ్ళద్దాలు తీసి మడిచాడు. నా వైపు చూడలేదు.

"మంచిదండి మేస్త్రి గారూ. మీకు నచ్చినవాళ్ళ చేత కోయించుకోండి."

అన్నేళ్ళలో నన్ను మేస్త్రి గారూ అనడం అదే మొదలు. అరిచి తిట్టినా అంత బాధపడేవాణ్ణి కాదు. ఒడ్డెక్కి, గట్టు మీదుగా ఇంటి దారి పట్టాడు.

సాయంత్రం పోటు వచ్చింది, లాంచీ మళ్ళీ సమంగా తేలింది, వెల్డరు రాలేదు. కబురు పెట్టాలని అనిపించింది గానీ పెట్టలేదు. తప్పు నాది కాదు కదా, నేనెందుకు పిలవాలనుకున్నాను. ఇంట్లో కూర్చుని అతనూ అదే అనుకుని ఉంటాడు. మర్నాడూ అంతే. ఆ మర్నాటికి యజమానురాలికి ఓపిక చచ్చిపోయింది.

"ఏంటండీ ఇది? మీ ఇద్దరి అలకలూ తీరేదాకా నా లాంచీ బురదలో లేచి కూర్చుంటా ఉండాలా? కొయ్యడానికి మనిషి లేనప్పుడు ఎత్తెయ్యండి. నేల తీయించండి."

"బేరం చెడుతుందేమోనమ్మా."

"చెడితే చెడిందండి. మీ అలకల కంటే అదే నయం."

వడ్రంగి ఒక్కో చెక్కకూ సుద్దతో గుర్తు పెట్టుకుంటూ, పసిపిల్లవాడి చొక్కా విప్పినట్టు ఆ టేకు నేలను విప్పాడు. నీళ్ళు తోడేసి, చైన్ పుల్లీ వేసి ట్యాంకును మొత్తంగా పైకెత్తాం. సరుగుడు దుంగల మీద దొర్లించుకుంటూ ఒడ్డుకు చేర్చాం. లాంచీలో నిప్పు అన్న మాటే రాలేదు. వేడినీళ్ళూ సబ్బూ పట్టి కడిగాం, కడిగింది పారబోసి మళ్ళీ కడిగాం. ఇక తుక్కు కింద అమ్మడానికి ముక్కలు చెయ్యాలి. పాలకొల్లు నుంచి వేరే వెల్డరును పిలిపిద్దామని అనుకుంటున్నారని ఎవరో మా వెల్డరు చెవిన వేశారు. మర్నాడు పొద్దున్నే వచ్చేశాడు. తను కట్టిన ట్యాంకు మీద ఇంకొకడు చెయ్యి వెయ్యడం అతనికి ఇష్టం లేదు.

వచ్చాడు గానీ నాతో మాట లేదు. చెయ్యి చాస్తే తగిలేటంత దూరంలో నేనుంటే, వడ్రంగి వైపు తిరిగి, "ఎటునుంచి కొయ్యాలో మేస్త్రి గారిని అడుగు" అన్నాడు.

నేనూ వడ్రంగికే చెప్పాను. "కొయ్యడం తర్వాత. ముందు మూడు గదులకీ చేతి డ్రిల్లుతో తలో కన్నం పెట్టమను. నీళ్ళు పోస్తూ పెట్టమను. లోపలేముందో చూశాకే నిప్పు."

పాపం ఆ వడ్రంగికి ఎవరి మొహం చూసి ఎవరికి చెప్పాలో తెలియక ట్యాంకుకే చెప్పాడు.

"కడిగిన ట్యాంకుకు ఈ కన్నాలెందుకని అడుగు" అన్నాడు వెల్డరు. కారణమేదో తెలిసి కాదు, అలవాటు కొద్దీ అన్నాను. అతను గొణుక్కుంటూనే డ్రిల్లు తీసుకున్నాడు. మొదటి గదికి కన్నం పెడితే సబ్బు నీళ్ళు కారాయి. మధ్య గదిలోంచి ఏమీ రాలేదు. మూడోది ఒడ్డు వైపు గది, ఆవేళ బోలుగా మోగిన మూల. డ్రిల్లు ముక్కు ఇనుము దాటగానే ఉస్స్‌మని గాలి తన్నింది. ఎండకు లోపల కాగి కాగి ఉన్న ఆవిరి. ఆ వాసనకు అందరం ఒక అడుగు వెనక్కి వేశాం. ఆ తర్వాత ట్యాంకును కాస్త అటు ఒరిగిస్తే కన్నంలోంచి నల్లగా, సన్నగా ధార కట్టింది. నీళ్ళు కాదు, డీజిలు.

ఆ గది అడ్డు రేకుకు అతను పెట్టిన కన్నాలు రెండూ పూడుకుపోయాయి. కిందిది గట్టిపడిన మడ్డితో, పైది తుప్పు పెచ్చులతో. ఏ కాలంలో పూడుకున్నాయో ఎవరికి తెలుసు? మేం తోడిన నూనె ఆ గదిలోది కాదు. మేం నింపిన నీళ్ళు ఆ గదిలోకి పోలేదు. వేడినీళ్ళూ సబ్బూ దాని గోడను బయటినుంచి కడిగాయి, అంతే.

అంటే, లాంచీ ఒరగడం వల్ల మూల బోలుగా మోగిందని నేను చెప్పిన కారణం తప్పు. పోటు మీద సమంగా ఉన్నా అది అలాగే మోగేది. ఆ సాయంత్రం అతను అలగకుండా వచ్చి ఉంటే, నేను చెప్పినట్టే మళ్ళీ నీళ్ళు నింపి, నేను ఆమోదించాకే అతను ఆ మూల నిప్పు పెట్టేవాడు. నేను మళ్ళీ తట్టి చూసి, మళ్ళీ ఆపేవాణ్ణా? ఒకసారి ఆపి అందరి చేతా నవ్వించుకున్నవాణ్ణి, రెండోసారి ఆపే ధైర్యం ఉండేదని మీకు గట్టిగా చెప్పలేను. అతన్ని నా తెలివి కాపాడలేదు. అతని అనుభవం కాపాడలేదు. ఇద్దరు ముసలివాళ్ళ పంతం, ఒక ఆవిడ విసుగు కాపాడాయి. ఎన్నోసార్లు ఆలోచించాను, ఇంతకంటే గౌరవంగా చెప్పుకోదగ్గ కారణం నాకు దొరకలేదు.

వెల్డరు ఆ నల్లటి ధారను చూస్తూ నిలబడ్డాడు. డ్రిల్లు కింద పెట్టాడు. కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బు రాసి మోచేతుల దాకా కడుక్కున్నాడు. తర్వాత గట్టు మీదుగా వెళ్ళిపోయాడు.

"మళ్ళీ అలిగాడండి" అన్నాడు వడ్రంగి. నేనూ అలాగే అనుకున్నాను.

భోజనాల వేళ దాటాక తిరిగి వచ్చాడు. నేరుగా నా దగ్గరికే వచ్చాడు.

"బావా, ఆ గది పైరేకు హ్యాక్సా రంపంతో కోసి తెరుద్దాం. నేనే లోపల చెయ్యి పెట్టి గోకుతాను. మళ్ళీ వేడినీళ్ళు కొట్టిద్దాం. నిప్పు సంగతి తర్వాత చూసుకోవచ్చు."

సరేనన్నాను. ఎక్కువ మాట్లాడితే ఇద్దరికీ ఇబ్బందయ్యేది. రెండు చేతులూ మార్చుకుంటూ హ్యాక్సాతో కోశాం, పక్కన వడ్రంగి నీళ్ళు పోశాడు. గోకిన మడ్డి తట్టల కొద్దీ వచ్చింది. గ్యాసు ఉందో లేదో చూపించే మీటరు ఒకటి అడిగి తెప్పించాను. అది మూడు గదుల్లోనూ ఏమీ లేదని చూపించాకే కోసే గ్యాసు టార్చి వెలిగింది. చాలా మామూలుగా, విసుగు పుట్టేటంత మామూలుగా ఆ ట్యాంకు ముక్కలైంది. టేకు నేలను గుర్తుల ప్రకారం మళ్ళీ పరిచేశాం. కొన్న ఆసామి చూసి, తేడా ఏమీ కనిపెట్టలేక తీసుకుపోయాడు. అగ్గిపుల్ల ఆట మాత్రం ఆ తర్వాత మా యార్డులో ఎవరూ ఆడినట్టు నేను చూడలేదు.

కన్నం పెట్టిన మర్నాడు, పొద్దున్నే, చేపల మార్కెట్లో వెల్డరు భార్య కనబడింది. నన్ను చూసి బుట్ట పక్కన పెట్టి దగ్గరికి వచ్చింది.

"అన్నయ్య గారండీ, ఒక్క మాట. నిన్న ఈయన పని మధ్యలో ఇంటికొచ్చేశారండి. ఒంట్లో బాలేదా అంటే బాగానే ఉందన్నారు. అన్నం పెట్టమంటారా అంటే వద్దన్నారు. నేను లేసు అల్లుకుంటా ఉంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, నన్నే చూస్తా ఉన్నారండి. ఎప్పుడూ అలా కూర్చోలేదు. మనవరాలు మధ్యాహ్నం బళ్ళోంచి వచ్చేదాకా ఉండి, దాని తల నిమిరి, మళ్ళీ పనికి వెళ్ళిపోయారు. నాకు భయమేసిందండి. యార్డులో ఏమన్నా జరిగిందాండీ?"

చుట్టూ బేరాల గోల, మంచు పెట్టెల చప్పుడు. ఆవిడ నా మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ఏమీ జరగలేదు చెల్లమ్మా" అన్నాను.

ఆవిడ నమ్మినట్టు లేదు. కానీ నా ఉద్యోగం మొత్తం మీద ఒక ఇంటికి నేను చెప్పగలిగిన మంచి కబురు అదే.